దొర బండికి జీపు ప్లేటు

ఆ రోజుల్లో, సరైన ప్రశ్న ఒక్కటి వేస్తే చాలు, అబద్ధం తనంతట తానే లేచి వెళ్లిపోతుందని నేను నమ్మేవాణ్ణి. ఖమ్మం కాలేజీలో డిబేటు కప్పులు గెలిచిన వయసు. అంతకంటే మంచి నమ్మకం దొరకదు. అబద్ధానికి కుర్చీ వేసి, టీ ఇచ్చి కూర్చోబెట్టుకునే ఇళ్లు కూడా ఉంటాయని మణుగూరులోని మా మేనమామ ఇంట్లో తెలిసింది.

మామకు ఒక పాత విదేశీ స్పోర్ట్స్ కారు ఉండేది. రెండే సీట్లు, నేలకు రాసుకునేంత ఎత్తు. అడవి పల్లెల్లో వైద్యం చేసిన ఒక దొర స్వదేశానికి పోతూ, తన దగ్గర పనిచేసిన మామకు దాన్ని ఇచ్చిపోయాడు. క్లచ్ అరిగిపోవడంతో ఇంజను గర్జించేదే తప్ప బండి కదిలేది కాదు (మా కాలేజీ వక్తల్లోనూ అలాంటివారు చాలామంది). ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే మామ టార్పాలిన్ ఎత్తి, వెంట వచ్చినవాళ్లకు బండిని చూపించి, "దొర కొన్నప్పుడు ఎట్లున్నదో గట్లనే ఉన్నది. ఒక్క నట్టు మారలే" అని ప్రకటించేవాడు. అత్త టీ గ్లాసులు పట్టుకుని వినేది. ఆమె కోరిక ఒక్కటే: గోదావరి వంతెన దాటి ఆ బండిలో భద్రాచలం పోయి అక్క ఇంటి ముందు దిగాలి. పెళ్లయిన కొత్తలో అక్కకు మాటిచ్చింది. "అక్కకు మోకాళ్లు పట్టేసినయి. గుమ్మం దాక వచ్చి చూసేటప్పుడే పోవాలె గద" అనేది నాతో.

ఆ వేసవి సెలవుల్లో మామ ఎట్టకేలకు కదిలాడు. పాత విదేశీ బండ్ల సామాను తెప్పించే హైదరాబాదు వ్యాపారికి ఫోను చేశాడు. అవతలి మనిషి అడగవలసినవే అడిగాడు: క్లచ్ ప్లేటు వెడల్పెంత, నడిమి షాఫ్టుకు పళ్లెన్ని, బేరింగు బొగ్గు దిమ్మదా, ఉక్కు గుండ్లదా. మామ మొహం గంటు పెట్టుకుని, "బండి పేరు చెప్పిన గద. దొర బండయ్యా అది. గా పేరు మీద ఏది వస్తే అది పంపు" అని ఫోను పెట్టేశాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "మామా, ఇక్కడ రెండు అంశాలను వేరు చేయవలసి ఉన్నది. బండి పేరు వేరు, బండి లోపల ఉన్నది వేరు. గేరుబాక్సు దించి, చూసి, కొలిచి, ఆ తర్వాత..."

"నువ్వు అంశాలు వేరు చెయ్యకు అల్లుడా, గా పానా అందుకో. దించితే లోపల ఏముంటది? గేరుబాక్సే ఉంటది."

"చూస్తే నష్టమేమిటి?" అన్నాను. "దొర మాట మీద నమ్మకం లేనోడే చూస్తడు" అన్నాడు మామ. నా ప్రశ్న అక్కడితో మర్యాద తప్పిన పని అయిపోయింది. భోజనాల దగ్గర నాతో మాట్లాడటం మానేసి, "పిల్లగానికి పప్పు వెయ్యి" అని అత్తతో చెప్పేవాడు.

క్లచ్ సెట్టు వచ్చింది. అత్త ఇస్త్రీ చేసిన చీర పెట్టె మీద పెట్టుకుంది. మెకానిక్ గేరుబాక్సు దించి కొత్త ప్లేటును షాఫ్టుకు తొడగబోతే అది ఎక్కలేదు. తిప్పి తొడిగినా ఎక్కలేదు. పళ్లు కలవలేదు. పాత ప్లేటు, గేరుబాక్సు రెండూ జీపువి. అడవి దారుల కోసం దొరే ఎన్నడో మార్పించుకున్నట్టున్నాడు. ఆయనకు బండి నడవడం ముఖ్యం కాబోలు.

నాకు లోలోపల జెండా ఎగిరింది. "అయితే జీపు ప్లేటే వేద్దాం. మణుగూరు బజారులో కిరాణా కొట్లకంటే జీపు సామాన్ల కొట్లే ఎక్కువ" అన్నాను.

"దొర బండికి జీపు ప్లేటు వేస్తవా?"

"ఇన్నేండ్లు గా జీపు ప్లేటుతోనే తిరిగింది గదయ్యా" అంది అత్త, గుమ్మంలోంచి.

మామ ఆమె వైపు చూడలేదు. "హైదరాబాదోడు తప్పు సామాను పంపిండు" అని, టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా తాళ్లు బిగించాడు. ముడులు మాత్రం గట్టిగా వేశాడు. నేను గెలిచిన వాదాలన్నిటిలోనూ సంపూర్ణమైన గెలుపు అదే; బండి మాత్రం అంగుళం కదలలేదు. మరునాడు ఇస్త్రీ చీర కట్టుకుని అత్త బస్సులో భద్రాచలం పోయింది. అక్క గుమ్మం దాకా వచ్చి, వీధిలోకి అటూ ఇటూ చూసి, "బండేదే?" అందట.

ఇప్పటికీ పోతుంటాను. మామ అదే మాట చెబుతాడు: "సరైన ప్లేటు దొరకలే అల్లుడా. దొరికితేనా..." ఏ అసత్యాన్నీ ప్రశ్నించకుండా వదలనని ఒకప్పుడు వేదికల మీద ప్రతిజ్ఞలు చేసిన ఈ పెద్దమనిషి, అన్నం కలుపుకుంటూ "అవ్ మామా" అంటాడు. అత్త నా వైపు ఒకసారి చూసి, వేడి అన్నం గంజును తెచ్చి మా మధ్య దించుతుంది. దాని కింద కుదురు బదులు పెట్టింది ఆ కొత్త క్లచ్ ప్లేటే. కొలిచి చేయించినట్టు సరిపోయింది.