పళ్ళు రాని వాడి పాపం

ఆ రోజుల్లో పట్నంలో, చూలై పేటలో, మాబోటి వర్తకుల ఇళ్ళ ఆడపిల్లలకు కాన్వెంటు చదువంటే ఇంగ్లీషు, కుట్టుపని, కాస్త మర్యాద. అక్కడ చెప్పే మతం సంగతి ఎవరికీ పట్టేది కాదు. ("ఆడ ఏం చెప్పినా తల ఊపు, ఈడికొచ్చి కాళ్ళు కడుక్కో" అని మా నాయన తల్లి, అవ్వ, దారి చెప్పింది.) నేను తల ఊపే రకం కాదు, నమ్మే రకం. జ్ఞానోపదేశం క్లాసులో క్రైస్తవుల పిల్లలు వెనక బెంచీల్లో కునుకు తీస్తుంటే, ఆదాము తిన్న పండు గురించి ముందు బెంచీలో బెంగపడింది నేనొక్కదాన్నే. ఆయన తప్పుకి ప్రతి బిడ్డా జన్మపాపంతోనే పుడుతుందనీ, జ్ఞానస్నానం లేకుండా పోతే మోక్షం లేదనీ సిస్టర్ తమిళంలో చెప్పింది. లేచి నిలబడ్డాను. "మా తమ్ముడికి ఇంకా పళ్ళే రాలేదు సిస్టర్. పండెట్లా తింటాడు?" క్లాసు గొల్లుమంది. "పళ్ళతో పనిలేదమ్మా, రక్తంలోనే వస్తుంది" అందావిడ.

తమ్ముడు నిజంగానే పోయేలా ఉన్నాడు. పుట్టి నెల తిరగలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరం, పాలు తాగడం లేదు. డాక్టరు చేతులెత్తేసి ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. మా అవ్వకు ఆదాముతో అవసరం లేదు, ఆవిడకు సొంత ఆదాము ఉన్నాడు: మా అమ్మ తండ్రి. ఆయనెప్పుడో ఎన్నూరు దగ్గర గోడౌను కట్టడానికి పాముపుట్ట తవ్వించాడట. "మీ నాయన చేసిన పాపమే నా మనవణ్ణి కొట్టింది" అని కాఫీతోపాటు మొదలుపెట్టేది. దేనికీ ఎదురు చెప్పని అమ్మ ఆ ఒక్కదానికి మాత్రం, "మా నాయన తవ్వించలేదత్తా. ఆడ పుట్టే లేదు" అనేది. పసివాడి మీద ఇట్లా రెండు కేసులు నడుస్తున్నాయి, లాయరు లేడు.

లాయరు నేనే అనుకున్నాను. ఆపదలో జ్ఞానస్నానం ఎవరైనా చేయించవచ్చని సిస్టర్ చెప్పింది కదా. (నుదుట కాసిని నీళ్ళు చాలని కూడా చెప్పిందట, నేను వినలేదు.) స్నానం అన్నాక పసిబిడ్డ స్నానమేనని నీళ్ళు గోరువెచ్చగా కాచి, సున్నిపిండి, సాంబ్రాణి సిద్ధం చేసి, కాళ్ళు చాపి వాణ్ణి కాళ్ళమీద పడుకోబెట్టుకున్నాను. దోసెడు నీళ్ళు తల మీద పోసి, సిస్టర్ నేర్పిన మూడు పేర్లలో పిత అన్నాను, సుతుడు అన్నాను, మూడోది గుర్తురాక "గోవిందా" అన్నాను.

"అయ్యయ్యో! జొరమున్న బిడ్డకి తలకు పోస్తావా, పాపిష్టిదానా!" అవ్వ వచ్చి వాణ్ణి లాక్కుంది.

మర్నాడు వాడు పోయాడు. చాప మీద వాణ్ణి పెట్టుకుని ఏడుస్తున్న అవ్వ, ఇంటినిండా చుట్టాలుండగా నన్ను చూపించింది. "ఇదే వాణ్ణి పొట్టన పెట్టుకునింది. ఇదే నీళ్ళు పోసింది!" అందరూ నావైపు తిరిగారు. భయంతో నాకు ఏడుపు కూడా రాలేదు.

అమ్మ తలెత్తింది. "బిడ్డ మీద వేయొద్దత్తా. మా నాయన పుట్ట తవ్వించినాడు. నేను కళ్ళారా చూసినాను. ఆ పాపమే ఇది."

అవ్వ మళ్ళీ నా జోలికి రాలేదు. బతికినన్నాళ్ళూ అమ్మనే అనింది. అమ్మ ఒక్కసారి కూడా కాదనలేదు.

ఆ ఏడు తపసుకాలంలో, అంటే ఈస్టరుకు ముందొచ్చే ఉపవాసాల రోజుల్లో, ఏ తప్పూ చేయని ఒకాయన లోకం పాపాలన్నీ తనమీద వేసుకున్నాడని సిస్టర్ చెబుతుంటే, నేను చెయ్యెత్తి "మా అమ్మ కూడా సిస్టర్" అని జరిగిందంతా చెప్పాను. వెనక బెంచీలు కిసుక్కుమన్నాయి. సిస్టర్ నవ్వలేదు. "పావం" అంది. మన తెలుగులోలాగే తమిళంలోనూ తప్పుకీ అదే మాట, జాలికీ అదే మాట. ఏదని నేను అడగబోతే ఆవిడ నల్లబోర్డు వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది.

ఎందుకు అబద్ధం చెప్పావని అమ్మను మాత్రం ఎన్నడూ అడగలేదు. అన్నింటికీ చెయ్యెత్తే ఆ మొండిపిల్ల అదొక్కటీ అడగకుండా ఊరుకున్నందుకు, ఈ వయసులో దాన్ని తలుచుకుంటే నవ్వూ వస్తుంది, ముచ్చటా వేస్తుంది.