కే.జీ. కండిగైలో నా బుధవారం

మద్రాసులో మా అపార్టుమెంటుకు నీళ్లు లారీలో వస్తాయి. ఒక బుధవారం డ్రైవరును ఊరికే అడిగాను, ఇవి ఏ ఊరి నీళ్లని. "తిరుత్తణి పక్కమ్మా, కే.జీ. కండిగై. తియ్యటి నీళ్లు!" అన్నాడు. అది మా పుట్టింటి ఊరు. తరువాతి బుధవారమే బయలుదేరాను.

సెంట్రల్లో ఆరున్నర లోకల్ ఎక్కితే తిరుత్తణికి రెండు గంటల పైనే పడుతుంది, టికెట్టు పాతిక రూపాయల లోపే. ఎడమవైపు కిటికీ దొరికితే మంచిది. తిరువళ్లూరు చేరేలోపు చెరువుల్లో పాతిన ప్లాట్ల రాళ్లు కనిపిస్తాయి. నీళ్లు వస్తే ఏ ప్లాటు ఎవరిదో వాటికి చెప్పేవాళ్లు లేరు. రైల్వే గేటు దగ్గర నీళ్ల లారీలు పట్నంవైపు బరువుగా పోతున్నాయి, నేను వాటికి ఎదురు పోతున్నాను. తిరుత్తణిలో రెండు ఇడ్లీలు తిని, షేర్ ఆటోలో ఊరు చేరేసరికి తొమ్మిదిన్నర.

మా బావి నాన్నకూ చిన్నాన్నకూ ఉమ్మడి. నీళ్లకు రోజులవారీ వంతులు. నా పెళ్లికి నాన్న పసుపు కుంకుమ కింద బుధవారం వంతు ఇచ్చాడు. యాభై ఏళ్లలో నగలు అరిగిపోయాయి, బుధవారం మాత్రం చెక్కుచెదరలేదు. దాన్ని వాడుకోమని తమ్ముడికి నేనే చెప్పాను.

బావి గట్టున మూడు లారీలు నిలబడి ఉన్నాయి.

"ఏంక్కా, సెప్పకుండా వచ్చినావే?" అన్నాడు తమ్ముడు.

"నీళ్లు సెప్పి వచ్చినాయారా మా ఇంటికి?"

చిన్నాన్న కోడలు మునెమ్మ నన్ను చెయ్యి పట్టుకుని తన మల్లెతోటకు తీసుకుపోయింది. ఆకులు ముడుచుకుని ఉన్నాయి. "బుధవారం లారీలకి, గురువారం నా వంతుకి బురద వదినా. ఈ వారం తడి లేకపోతే తోట పీకేయాల్సిందే. ఎవురిని అడిగేది?"

మా వెనకే వచ్చిన తమ్ముడు తల దించుకున్నాడు. "నేను అమ్మింది నీ బుధవారమే గదక్కా. నువ్వే వాడుకోమన్నావు."

"సేద్యానికి అన్నాన్రా!"

నోరు పెద్దది చేసి అరిచాకే నాకు తట్టింది. వారం వారం లారీలో తెప్పించుకుని నేను తాగింది నా బుధవారాన్నే.

"ఈ పొద్దు నుంచి బుధవారం మోటరు ఆడదు. బావి ఊరనీ. గురువారం మునెమ్మ తోడుకుంటాది," అన్నాను. లారీలు ఖాళీగా వెనక్కి తిరిగాయి. తమ్ముడు కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు: "మరి మీ మద్రాసులో ఏం తాగుతారక్కా?"

నాలుగు గంటల రైలుకి తిరిగొచ్చేశాను. మర్నాడు మునెమ్మ ఫోను చేసింది, కాలవ చివరిదాకా పారిందని. నాకు కన్ను చెమర్చింది. కానీ ఆ పై బుధవారం మా అపార్టుమెంటుకు లారీ వేళకే వచ్చింది. "పెరియపాళయం పక్కమ్మా, ఇవీ తియ్యగానే ఉంటాయి," అన్నాడు డ్రైవరు. అది ఏ ఇంటి వంతో అడిగే ధైర్యం రాలేదు.

మీరు అటు వెళ్తే ఒక్క మాట. తాగే నీళ్లు ఇంటి నుంచే సీసాలో పట్టుకెళ్లండి. అక్కడ అడిగితే కాదనరు. అందుకే అడగకండి.