నీడ ఒళ్లో పడాలి

సర్వే ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ముప్పై నాలుగేళ్లుగా భూతద్దం కంటికి అంటించుకుని కూర్చున్న మనిషిని భూతద్దంగారు అనక ఇంకేమంటారు? యుద్ధకాలంలో విమానాల మీంచి తీసిన ఫోటోలు చూసి, జనం తలదాచుకునే కందకాలు ఎక్కడ తవ్వారో, నేలమాళిగలు ఎక్కడ కట్టారో గుర్తుపట్టడం ఆయన పని. ఆ చోట్ల ఏ కట్టడం లేవాలన్నా ముందు ఆయన కాగితం రావాలి. లేదంటే పునాది తవ్వేవాళ్లు పునాదితో సహా కిందికి పోతారు.

కొత్తగా చేరినవాళ్లకి ఆయన చెప్పే మొదటి పాఠం ఒకటే: "నీడ ఒళ్లో పడాలి." అంటే ఫోటోలోని నీడలు చూసేవాడి వైపు పడేలా తిప్పి పెట్టుకోవాలి. తిరగేసి చూస్తే కన్ను మోసపోతుంది, గొయ్యి దిబ్బలా కనిపిస్తుంది. ఈ మాట ఎంతగా ఊదరగొట్టాడంటే, క్యాంటీన్‌లో టీ అందిస్తూ కూడా "నీడ ఒళ్లో పడిందా సార్?" అని ఆటపట్టించేవాళ్లు.

ఆ ఉదయం పాత బడి మైదానం ఫైలు మళ్లీ బల్ల మీదికొచ్చింది. అక్కడ ఆసుపత్రి కడతారట. పాత నివేదిక ఆయనదే, చేరిన మొదటి ఏడాది రాసింది. "వంకర మట్టిదిబ్బ. కందకం లేదు."

నిరుడు చేరిన అమ్మాయి ఫోటో చూసి తల గోక్కుంది.

"సార్, ఏమనుకోకండి. మీరు దీన్ని తిరగేసి చూసినట్టున్నారు."

"నాకే పాఠమా అమ్మాయ్?" అని నవ్వాడాయన.

"మీరు గీసిన ఉత్తరం బాణం చూడండి సార్. పైకుంది. నీడలూ పైకే పోతున్నాయి." అంటూ ఫోటోని మెల్లగా తిప్పింది.

దిబ్బ కాస్తా నేలలోకి దిగిపోయింది. మెలికలు మెలికలుగా కందకం. బాంబు దెబ్బ ఒక చివర నుంచి ఇంకో చివరికి దూసుకుపోకుండా అలాగే తవ్వేవాళ్లు. పక్కనే బాంబుదాడి మర్నాటి ఫోటో. అందులో సగం మెలికలు లేవు. దిబ్బని సగం చదును చేశారని అప్పట్లో రాసిపారేశాడు. అది చదును కాదు, పూడిపోవడం.

ఎందుకు తిరగేశాడో అప్పుడు గుర్తొచ్చింది. మైదానం పక్కనే అమ్మ పుట్టిల్లు. ఫోటోలో ఆ వీధి కనిపించగానే సంబరపడిపోయి, గుమ్మం పోల్చుకోవడానికి పటంలా ఉత్తరం పైకి పెట్టుకున్నాడు. నీడ సంగతే మరిచాడు, మహానుభావుడు.

ఆ దిబ్బని అప్పుడు ఫైల్లోనే వదిలేసినా బాగుండేది. ఆ కబురు ఇంటికి మోసుకెళ్లాడు.

అమ్మకి ఒక అక్క ఉండేది. దాడి రోజు కుట్టు క్లాసు నుంచి వస్తూ మాయమైంది. అదే రోజు వీధి చివర సైకిల్ షాపతనూ కనిపించకుండా పోయాడు. ఇంకేముంది, లేచిపోయారని చుట్టాలంతా తేల్చేశారు. పదేళ్ల అమ్మ ఒక్కతే, "అక్క కందకంలోకి దిగింది, కిటికీలోంచి చూశాను" అంటుండేది. ఆ సాయంత్రమే ఇంటిల్లిపాదీ ఊరొదిలారు. ఏడాదికి తిరిగొస్తే అక్కడ చదునైన నేల. బడి గోడ వెనక తవ్విన సంగతి ఎరగని పెద్దవాళ్లు కందకమేమిటని కొట్టిపారేశారు. చివరికి కొడుకు కూడా, "లేదమ్మా, ఫోటో అబద్ధం చెప్పదు" అన్నాడు. ఆ తర్వాత ఆమె ఆ మాటెత్తలేదు.

మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లేసరికి అమ్మ వంటింటి బల్ల దగ్గర బఠానీలు ఒలుస్తోంది. నిలబడే చెప్పేశాడు. కూర్చోవడానికి మనసొప్పలేదు.

"ఎంత లోతు?" అంది.

"ఆరడుగులుంటుందమ్మా."

"మరి ఆ సైకిలతను?"

"అతనూ అందులోనే ఉండి ఉంటాడు."

ఆమె చేతిలోని కాయ అలాగే ఉండిపోయింది.

"తప్పు నాదేనమ్మా. నన్ను తిట్టు."

"ఊరంతా అక్కని నానా మాటలూ అంటుంటే నేనొక్కదాన్నే ఏమీ అనలేదురా. నువ్వు చదువుకున్నవాడివి, కళ్లారా చూశానన్నావు. నేనే కలగన్నాననుకున్నా. ఆ రోజు నుంచే నేనూ దాన్ని తిట్టడం మొదలుపెట్టా."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ముప్పై నాలుగేళ్లు తిట్టానురా," అంది అమ్మ.