నా ఫోన్‌కొచ్చిన ఆరంకెలు

2023 డిసెంబరు. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు ఫ్యాక్టరీ ఊరు భిలాయ్‌లో, సెక్టర్ 4 మార్కెట్‌లో నేను ఆన్‌లైన్ సెంటర్ పెట్టి అప్పటికి పద్నాలుగేళ్లు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, వేలిముద్ర తీసే చిన్న యంత్రం, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక బెంచీ. రైలు టికెట్లు, విమానం టికెట్లు, రిటైరైనవాళ్ల లైఫ్ సర్టిఫికెట్లు, పిల్లల పరీక్షల దరఖాస్తులు, ఆధార్‌లో తప్పొప్పులు. చూసేవాళ్లకు ఇది టైపు కొట్టే పనిలా ఉంటుంది. కానీ ఇందులో సగం పని మనుషుల చేత వాళ్ల వివరాలు చెప్పించడమే. పుట్టిన తేదీ అడిగితే ఫ్యాక్టరీలో ఫలానా ఫర్నేసు వెలిగించిన ఏడాది అని చెప్పే పెద్దవాళ్లు ఇప్పటికీ మా సెక్టర్లలో ఉన్నారు.

ఏ దరఖాస్తు తెరిచినా మొబైల్ నెంబరు అని ఒక గడి ఉంటుంది. అది నింపకపోతే పేజీ ముందుకు కదలదు. ఆ నెంబరుకు ఓటీపీ వస్తుంది, అంటే ఒక్కసారికే పనికొచ్చే రహస్య సంఖ్య. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి ఫోన్ లేదు, కొందరికి ఉన్నా ఇంట్లో వదిలేసి వస్తారు, కొందరికి తమ నెంబరే గుర్తుండదు. అలాంటివాళ్లకు నేను నా నెంబరే కొట్టేవాణ్ణి. మా వృత్తిలో చాలామంది చేసే పనే ఇది. ఓటీపీ నా ఫోన్‌కే వచ్చేస్తే పని చిటికెలో అయిపోతుంది, పెద్దవాళ్లను రెండోసారి తిప్పక్కర్లేదు. అలా సెక్టర్ 4లో, సెక్టర్ 7లో చాలా ఇళ్ల కాగితాల్లో నా నెంబరు చేరిపోయింది. అదేదో పెద్ద సేవ చేస్తున్నట్టు మనసులో గొప్పగా ఉండేది నాకు.

ఆ నెలలోనే మా వీధిలో రిటైరైన ఒకాయన ఎవడికో ఓటీపీ చెప్పేసి బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. దాంతో నేను అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనూ హిందీలోనూ రాసి గోడకు పెట్టాను: ఓటీపీ ఎవరు అడిగినా చెప్పవద్దు. ఊరికే పెట్టి ఊరుకోలేదు. బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్లకూ దాని మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. నాకు ఉపన్యాసాలు ఇచ్చే జబ్బుంది, మా ఆవిడ రోజూ అనే మాటే.

సన్యాసమ్మ పిన్నిది సెక్టర్ 7. వాళ్లాయన, మా నాన్న ఒకే రోజు విజయనగరం జిల్లా నుంచి వచ్చి ఉక్కు ఫ్యాక్టరీలో బొగ్గు కాల్చే కోక్ ఒవెన్స్‌లో చేరారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కొడుకు హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్‌లో వెల్డర్. పిన్నికి ఒక అక్క, పేరు పైడమ్మ, విశాఖలో కూతురి దగ్గర ఉండేది. ఉత్తరాంధ్ర వాళ్లం కదా, అక్కను అప్ప అంటాం. ఆ అప్పకు పుట్టుక నుంచీ వినపడదు, మాట రాదు. ఏ బడికీ పోలేదు. చిన్నప్పుడు చెల్లెలూ ఆవిడా కలిసి కల్పించుకున్న సైగలే ఆవిడ భాష. అది పూర్తిగా తెలిసిన మనిషి ఈ లోకంలో మా పిన్ని ఒక్కతే.

వీడియో కాల్ వచ్చాక వాళ్లిద్దరికీ పండగైంది. పిన్ని కొడుకు ఇంట్లో వైఫై పెట్టించి, పాత స్మార్ట్‌ఫోన్ ఒకటి తల్లికిచ్చాడు. రోజూ సాయంత్రం అక్కాచెల్లెళ్లు గంటసేపు చేతులతో మాట్లాడుకునేవాళ్లు. నేను ఒకసారి చూశాను. ఐదు వేళ్లు కలిపి నోటి దగ్గర పెడితే తిన్నావా అని. ముక్కుపుడక దగ్గర వేలు పెడితే పిన్ని అని అర్థం. చిన్నప్పుడు ముక్కు కుట్టించినప్పుడు పిన్ని ఊరంతా వినపడేలా ఏడ్చిందట, అప్పటి నుంచీ అదే ఆవిడ పేరు. ఆ ఫోన్ ఎప్పుడూ గడప దాటలేదు. అందుకని అందులో సిమ్‌కు రీఛార్జ్ కూడా దండగని పిన్నే వద్దంది. మెల్లగా సిమ్ పనిచేయడం మానేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ డిసెంబరులో ఒక సాయంత్రం పిన్ని, కొడుకు కలిసి నా సెంటర్‌కి వచ్చారు. అప్పకు పక్షవాతం వచ్చింది, ఆసుపత్రిలో ఉంది, తెలివిలోనే ఉంది కానీ ఎంతసేపుంటుందో డాక్టర్లు చెప్పలేకపోతున్నారు. కుడి చెయ్యి పడిపోయింది, ఎడమ చెయ్యి ఆడుతోంది. రైలైతే ఆలస్యమవుతుందని పిన్నికి మర్నాటి విమానం టికెట్ తీశాను. కొడుక్కి సెలవు దొరకలేదు, రెండు రోజుల్లో రైల్లో వస్తానన్నాడు. టికెట్ ఫారంలో ఎప్పటిలాగే నా నెంబరు కొట్టాను. పిన్ని ఎప్పుడూ విమానం ఎక్కలేదు. దారిలో అప్పను ఎలా చూడ్డమని అడిగింది. నేను ధైర్యం చెప్పాను. ఎయిర్‌పోర్టులో ఉచితంగా వైఫై ఉంటుంది, ఫోన్‌లో వైఫై నొక్కితే ఒక పేజీ వస్తుంది, మొబైల్ నెంబరు అడుగుతుంది, కొడితే ఓటీపీ వస్తుంది, అది వేస్తే ముప్పావుగంట నెట్ వస్తుంది, ఏమీ కష్టం లేదు అన్నాను. రెండుసార్లు ఆవిడ చేత అప్పజెప్పించుకున్నాను. ఏ నెంబరు కొట్టాలో మాత్రం నేను చెప్పలేదు. ఆవిడ అడగలేదు.

మర్నాడు పొగమంచు. పదకొండు గంటల విమానం రెండు గంటలకు వెళ్తుందని మెసేజ్ వచ్చింది. నా ఫోన్‌కే వచ్చింది. అప్పటికే కొడుకు పిన్నిని రాయ్‌పూర్ ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర దింపి డ్యూటీకి వచ్చేసి ఉంటాడు. అయ్యో పాపం, అంతసేపు ఒక్కతే కూర్చోవాలే అనుకున్నాను. అనుకుని నా పనిలో పడ్డాను.

పదకొండున్నర ప్రాంతంలో నా ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. నేను ఏదీ కొట్టలేదు. ఆరంకెలు కనిపించగానే మెసేజ్ మూసేశాను, పూర్తిగా చదవలేదు. వెంటనే తెలియని నెంబరు నుంచి ఫోన్. అప్పుడు బెంచీ మీద నలుగురున్నారు. వాళ్లకు చూపించినట్టు ఉంటుందని స్పీకర్ పెట్టాను.

అవతల మగ గొంతు, ఛత్తీస్‌గఢీ యాసలో హిందీ. "భయ్యా, ఆప్‌కే ఫోన్ మే ఏక్ నంబర్ ఆయా హోగా. జరా బతా దీజియే, ఏక్ మాతాజీ కే లియే చాహియే." మీ ఫోన్‌కు ఒక నెంబరు వచ్చి ఉంటుంది, ఒక పెద్దావిడ కోసం కావాలి, చెప్పండి అంటున్నాడు. వెనక ఏదో విమానం ప్రకటన వినిపించింది. నేను బెంచీ వైపు కన్ను గీటి, చూశారా, ఇలాంటి చప్పుళ్లు కూడా పెడతారు అన్నాను. అతన్ని హిందీలో దొంగ అన్నాను, పోలీసులకు పట్టిస్తానన్నాను, ముసలివాళ్ల పేరు చెప్పి బతకడానికి సిగ్గులేదా అన్నాను. పెట్టేశాను. రెండు నిమిషాలకు మళ్లీ చేశాడు. మాతాజీ అనగానే కట్ చేసి ఆ నెంబరు బ్లాక్ చేశాను. బెంచీ మీద వాళ్లు మెచ్చుకున్నారు. ఒకాయన తన ఫోన్‌లో బ్లాక్ చేయడం ఎలాగో కూడా నేర్పించుకున్నాడు.

ఆ రాత్రి పైడమ్మ పోయిందని మర్నాడు పిన్ని కొడుకు చెప్పాడు. పిన్ని చేరేసరికి ప్రాణం ఉందట, తెలివి లేదట. బాధ అనిపించింది. అంతకు మించి నాకేమీ తట్టలేదు.

అప్ప పెద్దకర్మ అయ్యాక పిన్ని తిరిగి వచ్చింది. ఒక మధ్యాహ్నం సెంటర్‌కి వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఇంకెవరూ లేరు. టీ తెప్పిస్తానంటే వద్దంది. అప్పుడు చెప్పింది.

ఎయిర్‌పోర్టులో కూర్చున్నాక నేను చెప్పినట్టే వైఫై నొక్కిందట. పేజీ వచ్చింది, నెంబరు అడిగింది. ఆవిడకు నోటికొచ్చిన నెంబరు ఒక్కటే. పింఛను కాగితం మీద, గ్యాసు పుస్తకం మీద, ఆధార్ రసీదు మీద ఉన్న నెంబరు. ఎవరడిగినా ఇన్నేళ్లుగా తన నెంబరని చెప్పుకున్నది. నా నెంబరు. కొట్టింది. ఓటీపీ తన ఫోన్‌కు రాలేదు. పక్కన చక్రాల కుర్చీ తోసే ఒక నడివయసు మనిషి ఉంటే అతన్ని బతిమాలింది. అతని దగ్గర మామూలు బటన్ల ఫోనే ఉంది. ముందు తన ఫోన్‌లో ఉన్న అక్క కూతురి నెంబరు చూపించి, దాంతో విశాఖకు ఫోన్ చేసి, ఇప్పుడే వీడియో చేస్తారు, రోగి దగ్గర ఉండండి అని చెప్పించింది. తర్వాత నాకు చేయించింది. అతను రెండుసార్లు చేసి చివాట్లు తిన్నాడు. మూడోసారి తనే మాట్లాడతానని పిన్ని ఫోన్ అందుకుంది. నా ఫోన్ మోగనే లేదు, అప్పటికే బ్లాక్ చేసేశాను.

అక్కడ ఆసుపత్రిలో కూతురు ఫోన్ పట్టుకుని తల్లి కళ్లెదురుగా నిలబడింది. చెల్లెలు కనిపిస్తుందని సైగ చేసి చెప్పింది. పైడమ్మ ఆ ఖాళీ ఫోన్‌ను చూస్తూ ఎడమ చేత్తో ముక్కుపుడక చోట వేలు పెట్టుకుని అడుగుతూనే ఉందట. చెల్లెలేది, చెల్లెలేది అని.

చివరికి ఆ చక్రాల కుర్చీ మనిషి తన నెంబరే కొట్టాడు. ప్రయాణికుల ఫోన్లలో మీ నెంబర్లు వేయకండని పనిలో చేరినప్పుడు వాళ్లకు గట్టిగా చెప్పారట, అందుకే అంతదాకా భయపడ్డాడు. అతనికి ఓటీపీ వచ్చింది, నెట్ వచ్చింది, వీడియో కలిసింది. అప్పటికి ఇరవై నిమిషాలైంది.

"కలిసేతలికి మా అప్ప కళ్ళు మూసేసినాది బాబూ," అంది పిన్ని. "మీ అప్పకి ఇనబడతాది, పిలు పిలు అని ఆ నర్సమ్మ అంటాది. ఏటి పిలుస్తాను? కళ్ళు మూసుకున్నాక మా అప్పతోటి మాటాడ్డానికి ఇంకేటి దారుంది?"

పిన్ని కొంగుతో ముఖం తుడుచుకుని అసలు తను అడగాలని వచ్చిన మాట అడిగింది.

"ఆ దినం నీ ఫోను ఎవుడి సేతికైనా ఇచ్చినావేటి? ఎవుడో ఎత్తి ఆ మడిసిని దొంగనీసినాడు. నీ గొంతులాగే ఉన్నాది. నువ్వైతే అలగనవని ఆడితోటి సెప్పినాను."

అబద్ధమాడే వీలు ఆవిడే ఇచ్చింది. నా నోటిదాకా వచ్చింది కూడా, ఫోన్ ఎవరి దగ్గరో వదిలేశానని. ఆ మాట నేను రాయకుండా ఉండలేను. చివరికి తల వంచుకుని చెప్పాను.

"నేనే పిన్నీ."

పిన్ని గోడ మీది అట్ట వైపు చూసింది. ఆవిడకు అంకెలు తప్ప చదవడం రాదు, కానీ అదేమిటో తెలుసు, నా ఉపన్యాసం ఆవిడా విన్నదే.

"నువ్వు సెప్పినట్టే సేసినావు," అంది. "ఎవుల కోసమని ఒక్క మాట అడగనేకపోయావేటి నాయనా."

తిట్టినా బాగుండేది. లేచి వెళ్లబోతుంటే ఆపి, ఆ రోజే కొత్త సిమ్ తెప్పించి ఆవిడ ఫోన్‌లో వేశాను. ఆ నెంబరు కాగితం మీద రాసిస్తే మడిచి కొంగుకు కట్టుకుంది. ఇంక ఎవరికి చేయాలి అని ఆవిడ అనలేదు. నాకే అనిపించింది.

ఆ సాయంత్రం మెసేజ్ వెతికి తీశాను. ఎయిర్‌పోర్ట్ వైఫై కోసం మీ ఓటీపీ అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. ఒక్క లైను. నా పని చదవడం, రాయడం. ఆ ఒక్క లైను చదవలేదు. ఆవిడ ఎయిర్‌పోర్టులో ఉందని, విమానం ఆలస్యమని తెలిసినవాణ్ణి కూడా నేనే. ఆ చక్రాల కుర్చీ మనిషి నెంబరు మీద బ్లాక్ తీసి ఫోన్ చేసి క్షమించమన్నాను. అతను నన్నేమీ అనలేదు. తన నెంబరు మొదటే వేసి ఉంటే సరిపోయేది, భయపడ్డాను భయ్యా అని తనను తానే తిట్టుకున్నాడు. అతనికి ఆ భయం పోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ నేను బెంచీ మీద వాళ్లకు పాఠం చెబుతూ ఉన్నాను.

ఈ పని నాకు నేర్పింది ఇది. ఓటీపీ చెప్పవద్దన్న మాట తప్పు కాదు, ఇప్పటికీ అందరికీ అదే చెబుతాను. కానీ ఒకరి కాగితం మీద నా నెంబరు వేశానంటే వాళ్ల గుమ్మం దగ్గర నేను నిలబడ్డట్టు. తలుపు కొట్టినవాడు ఎవరో చూడకుండా తరిమేసే హక్కు నాకు లేదు. తర్వాత ఆరు నెలలపాటు మధ్యాహ్నాలు కూర్చుని, ఒక్కొక్కరినీ పిలిపించి, వాళ్ల కాగితాల్లో నా నెంబరు తీసేసి వాళ్ల నెంబర్లు వేశాను. అవి నోటికొచ్చేదాకా ఇదే బెంచీ మీద చెప్పించుకున్నాను. కొందరు విసుక్కున్నారు. విసుక్కోనిచ్చాను.

గోడ మీద అట్ట అలాగే ఉంది. దాని కింద ఇంకో లైను రాశాను: ముందు ఎవరి కోసమో అడగండి.

ఆ మెసేజ్ మాత్రం నేను తీసేయలేదు. పదిహేను నిమిషాల వరకే చెల్లుతుందని అందులో రాసి ఉంది. ఆ ఆరంకెలు నాకిప్పుడు నోటికి వచ్చు.