ఒక మనిషికి సరిపడా

నరసరావుపేటలో ఎవరింట పెళ్లయి వలీమా విందు జరిగినా ముందు ఫంక్షన్ హాలు దొరికిందా అని చూస్తారు, ఆ వెంటనే వంటమేస్త్రీ మోయిన్ భాయ్ ఖాళీగా ఉన్నాడా అని అడుగుతారు. ఆయన ఖాళీగా లేడని విందు తేదీ మార్చుకున్న పెద్దమనుషులు కూడా ఉన్నారు. కోయడం, కడగడం, కలపడం ఎవరైనా చేస్తారు. ఉప్పు మాత్రం ఆయనే వెయ్యాలి. గుండిగలో ఎసరు తెర్లుతుంటే గరిటెతో ఓ చుక్క అరచేతిలో వేసుకుని, నాలుకకు తగిలించి, ఇంకో పిడికెడు చల్లాడంటే ఇక దాని మీద మాట్లాడేవాడు లేడు.

ఉప్పుతో బతికే ఆ మనిషికి బీపీ పట్టుకుంది. ఈ మధ్య కాదు, కూతురు అల్ఫియా హైస్కూల్లో ఉన్నప్పుడే. ఉప్పు తగ్గించమన్నారు, రోజూ మాత్ర వేసుకోమన్నారు. ఆ రెండు పనులూ భార్య ఫర్జానాకు అప్పజెప్పి మోయిన్ హాయిగా ఉన్నాడు. బీపీ ఎంతుందని ఎవరైనా అడిగితే, "ఏమో, మా ఇంట్లోవాళ్లకు తెలుసు" అనేవాడు. బీపీ ఫర్జానాకు వచ్చినట్టూ, తనకేం సంబంధం లేనట్టూ!

ఆమె మాత్ర తెచ్చి చేతిలో పెట్టేది, మింగేదాకా ఎదురుగా నిలబడేది. ఉప్పు లేకుండా కూర వండేది. మోయిన్ పూటపూటా సణిగేవాడు.

"ఏందే ఇది, కూరా కుడితా?"

"నేనూ అదే తింటన్నాగా. మాట్లాడకుండా తినండి" అనేది ఆమె, అదే కూర తన కంచంలో వడ్డించుకుంటూ.

పోయినేడాది ఎండాకాలం ఒక మధ్యాహ్నం, ఒంట్లో కాస్త నలతగా ఉందని నడుం వాల్చిన ఫర్జానా మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందన్నారు. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యాక చుట్టాలంతా వెళ్లిపోయారు. అల్ఫియా చిలకలూరిపేటలోని అత్తగారింటికి వెళుతూ, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి మరీ వెళ్లింది.

ఊరందరికీ వండే మనిషికి తన ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడానికి మనసు రాలేదు. దావత్ ఉన్న రోజు క్యారేజీలో బిర్యానీ, దాల్చా తెచ్చుకునేవాడు, అది మర్నాటికీ వచ్చేది. లేని రోజు హోటల్ పలావు. టీవీ పెట్టుకుని, ఏం తింటున్నాడో చూసుకోకుండా తినేవాడు. మాత్ర గుర్తొస్తే వేసుకునేవాడు, అట్ట అయిపోతే కొత్తది తెచ్చుకోవడానికి బద్ధకించేవాడు. రోజూ సాయంత్రం అల్ఫియా ఫోన్ చేసి తిన్నావా, మాత్ర వేసుకున్నావా అని అడిగేది. రెండింటికీ ఊఁ అనేవాడు. మొదటిది మటుకే నిజం.

అంత వయసొచ్చినవాడికి ఆ మాత్రం తెలియదా అంటారేమో, తెలుసు. కానీ తన ఒంటిని తను చూసుకోవడం ఆయనకు ఏనాడూ అలవాటు లేదు. అది వేరే మనిషి పని. ఆ మనిషి పోయింది గనక పని అక్కడే ఆగిపోయింది. ఇలా వదిలేస్తే ఎవరో ఒకరు వచ్చి తిట్టకపోతారా అని లోపల్లోపల ఓ వెర్రి ఆశ కూడా ఉండేది. తిట్టడానికి ఎవరూ రాలేదు.

సత్తెనపల్లి వలీమాలో బయటపడింది సంగతి. మొదటి పంక్తి ఇంకా లేవకముందే పెళ్లికొడుకు మేనమామ అహ్మద్ పొయ్యిల దగ్గరికి వచ్చాడు.

"ఏంది మోయిన్ భాయ్, ఉప్పు బస్తా పిగిలి గుండిగలో పడిందా? జనం ముద్దకో గ్లాసు నీళ్లు తాగతన్నారు!"

మోయిన్ ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బాగానే ఉంది. మళ్లీ తిని చూశాడు, సరిగ్గానే ఉంది. అప్పుడు భయం వేసింది. ఎన్నో ఏళ్లుగా తన దగ్గర పనిచేస్తున్న అక్రం వైపు చూస్తే, అక్రం తల దించుకున్నాడు.

"చానా రోజుల్నించి ఇట్టనే పడతంది భాయ్. నీకు చెప్పటానికి నాకు నోరు రాలా. ఆ కాళ్లేంది అట్ట వాచినయ్, చూసుకున్నావా?"

మోయిన్ కిందికి చూశాడు. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగబడి ఉన్నాయి. తన కాళ్లు తను చూసుకుని ఎన్నాళ్లయిందో ఆయనకే తెలియదు.

మర్నాడు, ఎప్పుడూ ఫర్జానా తీసుకెళ్లే డాక్టర్ తేజస్వి దగ్గరికి ఒక్కడే వెళ్లాడు. ఆమె బీపీ చూసి మొహం చిట్లించింది, రక్తపరీక్ష రాసింది. రిపోర్టు వచ్చాక ఏదీ దాచకుండా చెప్పింది.

"కిడ్నీలు దెబ్బతినడం మొదలైంది. ఇప్పుడు జాగ్రత్త పడితే ఇక్కడితో నిలబెట్టొచ్చు. ఇలాగే వదిలేస్తే డయాలసిస్ దాకా పోతుంది."

మోయిన్‌కు నాలుక సంగతి కూడా తేల్చుకోవాలని ఉంది. "ఉప్పు తెలవట్లేదమ్మా. నా పనే అది."

"ఉప్పెక్కువ తినేవాళ్లకు ఎంత వేసినా తక్కువే అనిపిస్తుంది. ఇదివరకు ఇంట్లో చప్పటి కూరలు తిన్నారు కాబట్టే మీ నాలుక అంత బాగా పనిచేసింది. మానేయండి, కొన్ని వారాల్లో మళ్లీ తెలుస్తుంది. ఇప్పుడు ఇంట్లో వంట ఎవరు చేస్తారు? మాత్రలు ఎవరు చూస్తారు?"

ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి కోసం మోయిన్ అలవాటుగా పక్క కుర్చీ వైపు తిరిగాడు. కుర్చీ ఖాళీగా ఉంది. "నేనేనమ్మా" అన్నాడు.

వస్తూ వస్తూ మాత్రలు, ఓ సొరకాయ కొనుక్కొచ్చాడు. ఒక మనిషికి కూర ఎంత వండాలో తెలియక కాయంతా తరిగేశాడు. తరిగాక చూస్తే నలుగురికి సరిపోయేట్టుంది. ఉప్పు డబ్బా దాకా వెళ్లిన చేతిని బలవంతాన వెనక్కి తీసుకున్నాడు. టీవీ పెట్టకుండా తినడానికి కూర్చున్నాడు. మొదటి ముద్దకే సణుగుడు గొంతుదాకా వచ్చింది. వినడానికి మనిషి లేదు. ఏడుపొచ్చింది.

అంతలో అల్ఫియా ఫోన్ చేసింది. "తిన్నావా అబ్బాజాన్?"

"తింటన్నా. ఉప్పు లేకుండా వండుకున్నా." మిగతాదీ చెప్పేశాడు. "ఇన్నాళ్లూ మాత్ర సరిగ్గా వేసుకోలేదమ్మా. నీకు అబద్ధం చెప్పా. కిడ్నీలకు వచ్చిందంట."

అవతల అల్ఫియా ఏడ్చింది, కోప్పడింది, రేపే వచ్చి తీసుకెళతానంది.

"వచ్చి ఏం జేసేది? నువ్వు పెడితే తింటా, నువ్వు మర్చిపోతే మానేస్తా. మళ్లీ అదేగా. నేనే చూసుకుంటాలే." ఆ మాట తనే అన్నాడంటే ఆయనకే కొత్తగా ఉంది. "అది సరేగానీ, ఈ చప్పిడి కూర మీ అమ్మీ ఎట్టా తినేదే? ఆమెకు ఇష్టమేమోలే."

"ఇష్టమా! అమ్మీకి అస్సలు పడేది కాదు. నువ్వు దావత్‌కి పోయిన రోజు పచ్చిమిరపకాయ తొక్కు నూరుకుని, అన్నం మొత్తం దాంతోనే తినేది. నువ్వు ఇంట్లో ఉంటే మాత్రం నీ చప్పిడి కూరే."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగావు?"

మోయిన్ కంచంలోని కూర వంక చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "మీ అమ్మీ ఎప్పుడైనా బీపీ చూపించుకుందా?"

"లేదు. ఆసుపత్రికి ఎప్పుడెళ్లినా నిన్ను చూపించటానికే."

ఫోన్ పెట్టేశాక ఆయన కంచం ముందే కూర్చుండిపోయాడు. ఆమె పోయినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు. అన్నం చల్లారిపోయింది. మెతుకు మిగల్చకుండా తిన్నాడు. లేచి, అట్టలోంచి మాత్ర తీసి, నీళ్లు పోసుకుని మింగాడు. ఎదురుగా నిలబడి చూసేవాళ్లు ఎవరూ లేరు.