తండ్రి హక్కు తీసేయమని

రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలిన రోజు నుంచి నాకు ఒకటే దిగులు. నేను పోతే నా కూతురు ఎవరి చేతికి పోతుంది? నర్సును కాబట్టి రిపోర్టు చూసి నన్ను నేను మభ్యపెట్టుకునే వీలు కూడా లేదు. విడాకులై ఏడేళ్లు. ఇన్నేళ్లలో దాని తండ్రి ఒక్కసారి మా గడప తొక్కలేదు, ఫోన్ చేయలేదు. అయినా నేను లేకపోతే చట్టం ముందుగా చూసేది అతన్నే. పిల్లను సర్జాపురలో ఉండే మా అక్కకు అప్పగించాలంటే, ఆ తండ్రికి హక్కు లేదని కోర్టు చెప్పాలి.

మా లాయరమ్మ తాతల కాలం నుంచి బెంగళూరులోనే ఉన్న తెలుగావిడ. "ఆయప్ప యాడుండాడో తెలీదు కదమ్మా. పేపర్లో నోటీసు వేయిద్దాం. రాకపోతే మనకే మంచిది" అంది. వేయించాం. రాలేదు. అతను రాకపోవడం నాకు కలిసొచ్చింది అదొక్కసారే. కోర్టు శుక్రవారం, ఆపరేషన్ సోమవారం.

జడ్జిగారు పిల్లతో విడిగా మాట్లాడతారన్నారు. "భయపడకు, ఉన్నదున్నట్టు చెప్పు, చాలు" అని నేనే దానికి నూరిపోసి పంపాను. నా జబ్బు సంగతి మాత్రం దానికి అప్పటికింకా చెప్పలేదు.

కాసేపటికి నన్నూ లాయరమ్మనూ లోపలికి పిలిచారు. పదేళ్ల నా కూతురు కుర్చీలో బుద్ధిగా కూర్చుని ఉంది. తండ్రి ఏటా క్రిస్మస్‌కు కొత్త గౌను పంపుతున్నాడట కదా, సంబంధమే లేదని పిటిషన్‌లో ఎలా రాశారని జడ్జిగారు కన్నడంలో అడిగారు.

మా చర్చిలో క్రిస్మస్ ఆరాధనకు పిల్లలు కొత్త బట్టలేసుకుని వస్తే పెద్దవాళ్లు పట్టుకుని "డాడీ కొన్నాడా?" అని అడుగుతారు. దాని నాలుగో ఏట ఒకావిడ అలా అడిగితే ఇది తల దించుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. మరుసటి ఏడు నేనే యలహంకలో గౌను కొని, కొరియర్‌లో వచ్చినట్టు పార్సిల్ కట్టి, డాడీ పంపాడని చేతిలో పెట్టాను. ఒకసారి మొదలుపెట్టాక ఆపడం నా వల్ల కాలేదు.

లాయరమ్మ నావైపు చూసి గొణిగింది. "ఇదేందమ్మా, నాకు చెప్పనే లేదే."

పిల్లను బయటికి పంపమని అడగాల్సింది. ఆ తెలివి అప్పుడు రాలేదు. వచ్చీరాని కన్నడంలో అంతా ఒక్క గుక్కలో కక్కేశాను. ఆ గౌన్లన్నీ నేనే కొన్నాను మేడమ్, అతను ఎక్కడున్నాడో కూడా తెలీదు, నాకు క్యాన్సర్, సోమవారం ఆపరేషన్, నేను పోతే దీన్ని ఎవరికిస్తారు అని. కన్నడం నాకంటే నా కూతురికే బాగా వచ్చు.

జడ్జిగారు గౌన్ల సంగతంతా అఫిడవిట్‌గా రాసిమ్మన్నారు. సాయంత్రానికి ఆర్డరు ఇచ్చారు. తండ్రికి హక్కు లేదు, నాకేమైనా అయితే పిల్ల అక్క దగ్గరే ఉంటుంది.

తిరిగొచ్చే బస్సులో అది కిటికీ పక్కన కూర్చుంది. ఏడుస్తుందేమో, తండ్రి గురించి అడుగుతుందేమో అనుకున్నాను. హెబ్బాళ దాటాక నావైపు తిరిగింది.

"మమ్మీ, ఇంకా ఏమేం చెప్పలేదు నాకు?"

"ఇంకేం లేదమ్మా" అన్నాను.

నిజమే చెప్పాను. నా కూతురు నమ్మలేదు.