అత్త తల ఆరేదాకా

మా చిన్నత్త తన జుట్టుకి వేడి తగలనిచ్చేది కాదు. జ్వరమొస్తే అది లోపలి వేడి, దానికి ఆవిడేం చెయ్యలేదు. బయటి వేడి మాత్రం ఏ రూపంలో వచ్చినా తల దరిదాపులకి రావటానికి వీల్లేదు. డ్రయ్యరు అన్నా, జుట్టుని ఇస్త్రీ చేసే ఆ పట్టకారు అన్నా చెవులు రెండూ మూసుకునేది. పోనీ ఏ తోటపనో చేసుకునే మనిషా అంటే, కాదు. కరెంటాఫీసులో ఫిర్యాదుల కౌంటరు ఆవిడది.

"కరెంటు పెట్టిన తిండి తింటూ కరెంటుని తిట్టే మనిషిని నిన్నే చూశానే," అనేవాడు నాన్న.

"కరెంటు బల్బుకి మంచిది అన్నయ్యా. బుర్రకి కాదు."

ఇంతా చేస్తే అదేదో పిరుదులు దాటిన జడ అనుకునేరు. భుజాల దాకా ఉంటుంది, అంతే. అందులోనూ ఎడమపక్క భుజం మీద హాయిగా వాలితే, కుడిపక్క భుజానికి నాలుగు వేళ్ళ ఎత్తులోనే ఆగి, ఇక రానని భీష్మించుకుని కూర్చునేది. పైగా అలలు. అవైనా ఒక పద్ధతిలో ఉంటాయా? చెవి పక్కది లోపలికి తిరిగితే దాని కిందది బయటికి. వెనకది ఆ రోజు దాని ఇష్టం. అన్నీ ఎప్పుడైనా ఒక మాట మీద నిలబడ్డాయంటే వాన ఖాయమని మా అమ్మ డాబా మీద బట్టలు తీసేసేది.

ఆదివారం అత్త తలస్నానం. ఆ రోజు మా ఇంట్లో గడియారాలకి సెలవు. భోజనాలెప్పుడు? అత్త తల ఆరాక. బజారుకెప్పుడు? అత్త తల ఆరాక. ఆరటానికేమో మధ్యాహ్నం దాటేది. తువ్వాలుతో రుద్దటం ఆవిడ దృష్టిలో నేరం. "జుట్టేమన్నా అడుగంటిన గిన్నె అనుకున్నావా, తోమటానికి? రుద్దితే పీచులా లేస్తుందే," అంటూ, మెత్తటి నూలు బనియను ఒకటి తెచ్చి, తల ముందుకి వంచి, జుట్టంతా అందులో పోగేసి, బనియను చేతులు రెండూ కలిపి ముడేసేది. అలా కట్టుకుని ఇంటంతా తిరుగుతుంటే నెత్తి మీద తెల్ల గుమ్మడికాయ మోస్తున్నట్టుండేది.

"అమ్మడూ, అది నా బనియనే కదూ?" అన్నాడోసారి నాన్న.

"నీదే. కొత్తవి నీకు గరుగ్గా ఉంటాయని పాతది నేను తీసుకున్నా."

"నిన్న కొన్నాను దాన్ని!"

"అయినా మెత్తగా ఉందన్నయ్యా. మంచి షాపు."

ఆ తర్వాత అసలు పని మొదలయ్యేది. పెద్ద పళ్ళ దువ్వెనతో, అదీ జుట్టు తడిగా ఉన్నప్పుడే, కింద కొసల్నుంచి పైకి చిక్కు తియ్యాలి. అరచేతిలో ఒక్క చుక్క నూనె వేసి, రెండు చేతులకీ పులిమి, జుట్టుని పిడికిట్లో పట్టి పైకి నొక్కాలి. నొక్కి వదలాలి, మళ్ళీ నొక్కాలి. తర్వాత ఎడమపక్క పాయల్ని గట్టిగా మెలేసి గుడ్డ పేలికలతో కట్టేది. కుడిపక్కని మాత్రం వదులుగా వదిలేసేది.

"ఇదేం పక్షపాతం అత్తా?" అని అడిగాను చిన్నప్పుడు.

"పొడుగుదాన్ని మెలేస్తే పైకి ముడుచుకుంటుంది. పొట్టిదాన్ని వదిలేస్తే కిందకి సాగుతుంది. ఆరేసరికి రెండూ ఒక ఎత్తుకొచ్చి రాజీ పడతాయి. ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు, అదే కష్టం."

రాజీ మంగళవారం దాకా నిలిచేది. బుధవారానికి మళ్ళీ ఎవరిదారి వాళ్ళది.

ఒకసారి ఆవిణ్ణి చూసుకోవటానికి ఒకాయనా, వాళ్ళక్కా వచ్చారు. చెప్పా పెట్టకుండా ఆదివారమే వచ్చారు. అత్త గుమ్మడికాయతోనే వచ్చి కూర్చుంది. ఆయన మంచివాడే, కాస్త సిగ్గరి. టీ తాగాక గొంతు సవరించుకుని, "మరి మీ అభిప్రాయం?" అన్నాడు.

"తల ఆరాక చెప్తానండీ," అంది అత్త.

ఆయన చీకటి పడేదాకా కూర్చుని వెళ్ళాడు. అది తిరస్కారమో, నిజంగా తడి తలో ఆయనకి అర్థం కాలేదు. మాకూ కాలేదు. మళ్ళీ వస్తాడేమోనని నాలుగైదు ఆదివారాలు అత్త గేటు చప్పుడైనప్పుడల్లా వరండాలోకి తొంగిచూసేది. అప్పుడు మాత్రం తల ఆరే ఉండేది.

నాదీ అత్త జుట్టే. అమ్మదంతా తిన్నగా జారే జుట్టు, అందుకే నా తలని ఏం చెయ్యాలో ఆవిడకి తోచేది కాదు. నన్ను అత్తకి అప్పజెప్పేసింది. ఆదివారాలు ఇద్దరం చెరో గుమ్మడికాయతో మెట్ల మీద ఎండ తగలని మూల చూసుకుని కూర్చునేవాళ్ళం. గాలి వచ్చినప్పుడు మెడ చల్లగా అయ్యేది. అత్త తన ఆఫీసు కబుర్లు చెప్పేది. ఇప్పుడు నేను ఉద్యోగం చేసే చోట అందరూ తల ఆరబెట్టుకుని, బట్టలు ఇస్త్రీ చేసుకుని, రొట్టె నోట్లో పెట్టుకుని పావుగంటలో రోడ్డెక్కుతారు. నేనూ అంతే. చేతిలో బోలెడు టైము మిగులుతుంది. ఏం చేసుకోను దాన్ని? ఆ మెట్ల మీద కూర్చోవటానికి పనికిరాదుగా.

అత్త తన మతాన్ని ఇంటితో ఆపలేదు. ఆఫీసు కౌంటరుకి ఎవరైనా ఆడమనిషి వస్తే చాలు.

"మేడమ్, మా మీటరు గిర్రున తిరుగుతోందండీ."

"తిరగదూ మరి? రోజూ జుట్టు కాల్చుకుంటున్నారుగా. చూడండి కొసలు, ఎలా చీలిపోయాయో. మా వీధి చివర పార్లరుకి వెళ్ళండి. అక్కడ వేడి వాడరు."

మీటరు గురించి రాసుకునేదో లేదోగాని, పార్లరు దారి మాత్రం కాగితం మీద గీసిచ్చేది. ఆ పార్లరు అత్త చిన్ననాటి స్నేహితురాలిది. మేమందరం ఆవిణ్ణి పార్లరాంటీ అనేవాళ్ళం. చిన్న గది, రెండు కుర్చీలు, ఒక అద్దం. 'ఇక్కడ వేడి తగలదు' అని బోర్డు. చదివినవాళ్ళు కొందరు ఎండలోంచి వచ్చి ఊరికే కాసేపు కూర్చుని వెళ్ళేవారు. అక్కడ తల రుద్దేవారు, నూనె పెట్టేవారు, తడి జుట్టు మెలేసి పిన్నులు పెట్టి పంపేవారు. జుట్టు కత్తిరింపు మాత్రం ఒక్క అత్తకే. నెలకోసారి అక్కడే కత్తిరించుకునేది, నెలకోసారీ ఒకపక్క పొట్టిగానే తిరిగొచ్చేది.

"ఇంకెక్కడైనా చేయించుకోవచ్చుగా?" అనేది అమ్మ.

"ఇది వంకర కాదొదినా, స్టైలు."

ఆ పార్లరుకి ఎదురుగా ఒక ఏడాది అద్దాల సెలూను వెలిసింది. లోపల తెల్లటి లైట్లు, వరసగా యంత్రాలు. బయట తలుపంత బొమ్మ. అందులో ఒకమ్మాయి, భుజాల దాకా జుట్టు, నీళ్ళు పోసినట్టు తిన్నగా, రెండుపక్కలా గీత గీసినంత సమానంగా. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తుంటే అత్త ఆ బొమ్మ ముందు నిలబడి కనిపించింది. నన్ను చూడలేదు. చేతి సంచీ భుజం మీంచి జారి మోచేతికొచ్చినా సర్దుకోలేదు. చూసి చూసి, తన కుడిపక్క జుట్టు కొసని రెండు వేళ్ళతో పట్టి, మెల్లగా కిందకి లాగింది. వదలగానే అది మళ్ళీ పైకి పోయింది.

"అత్తా!"

ఉలిక్కిపడింది. "ఆ, ఏం లేదే. ఆ పిల్లకి జుట్టు ఎంత పాడైపోయిందా అని చూస్తున్నా. పాపం."

"బాగుంది కదా?"

అత్త సంచీ సర్దుకుంది. నడుస్తూ నడుస్తూ అంది, "చిన్నప్పుడు బళ్ళో నా ముందు బెంచీలో ఒకమ్మాయి కూర్చునేదే. తల తిప్పితే జుట్టంతా ఒక్కసారి తిరిగేది, తెర లాగినట్టు. నాదేమో నేను తిప్పాక తీరిగ్గా తిరిగేది. ఒక్కసారి, ఒక్క పూటైనా అలా తిరిగితే ఎలా ఉంటుందో అనుకునేదాన్ని."

"మరి చేయించుకోవచ్చుగా?"

"వేడి!" అంది అత్త, పామునో తేలునో చూసినట్టు.

ఆ నెలలోనే ఆఫీసులో అత్తని ఉత్తమ ఉద్యోగిగా ఎంచారు. ఫొటో తీసి పెద్దాఫీసు గోడకి పెడతారట. పెద్దాఫీసరు పిలిచి, నసుగుతూ, "మేడమ్, ఫొటో శాశ్వతంగా ఉంటుంది. జుట్టు కాస్త... రెండుపక్కలా ఒకేలా ఉండేట్టు..." అన్నాడట. ఇంటికొచ్చి అత్త ఆ మాట నవ్వుతూనే చెప్పింది గానీ, అన్నం సగంలో లేచింది.

నాకు ఉండబట్టలేదు. మర్నాడు సరాసరి పార్లరాంటీ దగ్గరికెళ్ళాను. అత్త ఎవరి మాటైనా వింటుందంటే ఈవిడదే. "ఆంటీ, మీరే చెప్పాలి. ఒక్కరోజు ఎదురు షాపులో తిన్నగా చేయించుకోమనండి. బళ్ళో ముందు బెంచీ అమ్మాయి జుట్టులా తిరగాలని అత్తకి ఎంత ఆశో మీకు తెలీదు."

ఆంటీ పిన్నులు డబ్బాలో వేస్తోంది. ఒకటి లోపల పడితే రెండు బయట పడుతున్నాయి. "నాకు తెలీదూ?" అంది. "ఆ ముందు బెంచీ అమ్మాయిని నేనేనే."

నేను నోరు తెరిచాను. ఆవిడ ముడి విప్పి చూపించింది. నెరిసినా ఇంకా తెరలాగే ఉంది.

"మీ అత్త జుట్టుని తిన్నగా చెయ్యటానికే నేనీ పని నేర్చుకున్నాననుకో. కానీ దాని తలకి వేడి పెట్టింది ఒక్కసారే, అదీ సగంలో ఆగింది. ఆ రోజు షాపునిండా జనం. నా చెయ్యి ఉన్నట్టుండి వణికింది. పట్టకారు వెళ్ళి దాని చెవికి తగిలింది. కెవ్వుమంది. అందరూ ఇటు తిరిగారు. నేనింకా నోరు విప్పకముందే, 'నేనే తల తిప్పానర్రా, దీని తప్పేం లేదు. అసలీ వేడే నా తలకి పడదు, ఇవాళ్టి నుంచి వేడి మాటే ఎత్తను' అని లేచింది. అది తల తిప్పలేదే. నాకు తెలీదా?"

ఆవిడ చేతులు ముందుకి చాచింది. వేళ్ళు గాలికి ఆకులాడినట్టు ఆడుతున్నాయి.

"ఇది తగ్గేది కాదన్నారు డాక్టర్లు. షాపు మూసేద్దామనుకున్నా. ఇదేమో వీధి వీధంతా తిరిగి, వేడి వద్దు, వేడి వద్దు అని గోల పెట్టి, వణికే చేత్తో అయ్యే పనులకే మనుషుల్ని పంపటం మొదలుపెట్టింది. ఆ బోర్డు రాయించింది కూడా అదే. అయినా కత్తెర పట్టుకోవాలని నా చేతులు లాగుతూనే ఉంటాయి కదా. దానికీ తన తలే ఇచ్చింది. నాకిదంతా తెలుసన్న సంగతి దానికి తెలీదు. ఇన్నాళ్ళూ చెప్పలేదు. చెప్తే మానేస్తుందేమోనని, నా స్వార్థం."

ఆ సాయంత్రం అత్త ఆఫీసు నుంచి రాగానే ఆంటీ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "పదవే, ఎదురు షాపుకి."

"నీకు మతి పోయిందా? వేడి..."

"నోర్ముయ్. చెవి సంగతి నాకు తెలుసు. తల తిప్పలేదనీ తెలుసు. నడు."

అత్త రోడ్డుకి అటూ ఇటూ చూసి అడుగేసింది. దాటేదాకా తనూ ఆంటీ చెయ్యి వదల్లేదు.

అద్దాల షాపులో అమ్మాయి చక్కగా, ఓపిగ్గా ఒక్కో పాయా సాపు చేసింది. ఆంటీ పక్కన నిలబడి, "ఇంకాస్త మెల్లగా అమ్మా, చెవి జాగ్రత్త," అంటూనే ఉంది. అంతా అయ్యాక అత్త కళ్ళు తెరిచి, మెల్లగా తల తిప్పింది. జుట్టంతా ఒక్కసారి తిరిగింది. ఇటు తిప్పింది. మళ్ళీ తిరిగింది. చిన్నపిల్లలా ఇంకోసారి తిప్పింది. ఆంటీ కళ్ళొత్తుకుంది.

అప్పుడు అత్త తిన్నగా అద్దంలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఆ అలలు దాచిపెట్టినదంతా బట్టబయలైంది. ఎడమపక్క భుజం మీద, కుడిపక్క చెవి కింద, మధ్యలో మెట్లు. మేడ కట్టి సగంలో ఆపేసినట్టుంది.

ముందు ఆంటీకి నవ్వొచ్చింది. "ఒసేయ్, ఇదంతా నేనేనా?"

"మరెవరు? నీ కత్తిరింపే!" అని అత్త కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది. నవ్వి నవ్వి ఇద్దరికీ దగ్గొచ్చింది.

"నేను సరిచెయ్యనా మేడమ్? రెండు నిమిషాల పని," అంది ఆ అమ్మాయి.

"వద్దమ్మా, నాకు మనిషుంది," అని అత్త లేచింది. రోడ్డు దాటి, పార్లరులో తన కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుంది. "ఊఁ, కానియ్యవే."

ఆంటీ ఎడమపక్క కత్తిరించింది. కాస్త ఎక్కువైంది. కుడిపక్క సరిచేసింది. అదీ ఎక్కువైంది. మళ్ళీ ఎడమ. నేను గుడ్లప్పగించి చూస్తుండగానే భుజాలు ఖాళీ అయిపోయాయి. కత్తెర ఆగేసరికి జుట్టు చెవుల దగ్గరుంది. ఒకపక్క చెవి కనిపిస్తోంది, ఒకపక్క చెవి తమ్మె మాత్రం.

"వచ్చిందంటావా, సమానంగా?" అంది ఆంటీ చిన్న గొంతుతో.

అత్త అద్దం వైపు చూడనేలేదు. నా వైపు తిరిగి, కళ్ళెర్రజేసి, "చెప్పవే. నీకు కళ్ళున్నాయిగా," అంది.

"దారం పెట్టి కొలిచినట్టుందాంటీ," అన్నాను.

"విన్నావా?" అంది అత్త, భుజాల మీది వెంట్రుకలు దులుపుకుంటూ. "ఇంక ఫొటోకి పౌడరు ఏదన్నా ఉంటే ఇలా ఇయ్యి."